బందెలదొడ్డిలో డొమైన్ పేరు

జూలై పదకొండవ తేదీ ఉదయం పదిన్నర గంటలకు నెమలిమెరక పురపాలక సంఘ సమావేశ మందిరంలో జరిగిన విచారణకు హాజరైనవారు, ఆసీనులైన వరుసలో: కమిషనర్ శ్రీ పసల దివాకరం గారు, వారి కుడిపక్కన, ప్రభుత్వ కళాశాలలో ముప్పై నాలుగేళ్లు ఆంగ్లం బోధించి ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేసిన నేను, వారి ఎడమపక్కన కార్యాలయ మేనేజరు శ్రీ జోస్యుల పురుషోత్తం గారు, ఆ పక్కన పశువైద్యాధికారిణి డాక్టర్ షేక్ నసీమా గారు, బల్ల చివర బందెలదొడ్డి అధికారి శ్రీ పెనుమాల సత్తియ్య గారు. ఆసీనులు కాక గోడకు ఆని నిలిచినవారు నీటి సరఫరా విభాగం ఫిట్టరు ధర్మరాజు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద, సగం లోపల, సగం వెలుపల, ప్రతివాది శ్రీమతి బొండాడ కనకరత్నం.

ఈ వరుస తేలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పదవిలో లేనివారు పదవిలో ఉన్నవారి తరువాతనే కూర్చోవాలని మేనేజరు గారు వాదించారు. పదవి పోయినా వయసు పోదని నేను మనవి చేశాను. కమిషనర్ గారు వయసు పక్షాన తీర్పు చెప్పారు.

బల్ల మధ్య నాలుగు వస్తువులున్నాయి. ప్లాస్టిక్ పొర అంటించిన ఒక కాగితం, దానికి పైన చిల్లు చేసి కట్టిన పలుపుతాడు, ఒక కొవ్వొత్తి, ఒక లక్క కడ్డీతో కూడిన ఇత్తడి ముద్ర. కాగితం మీద పురపాలక సంఘ వెబ్‌సైటు పేరు అచ్చయి ఉన్నది. దానిని హాజరైనవారిలో చేర్చవలెనా, వస్తువులలో చేర్చవలెనా అన్నది చివరివరకు తేలలేదు. కాగితం కింద కనకరత్నం దుకాణానికి సీలు వేయడానికి తయారైన ఉత్తర్వు ఉన్నది. అందులో తేదీ, సంతకం మాత్రమే మిగిలి ఉన్నాయి. లక్క తెచ్చినది అందుకే.

సంగతి ఇంతవరకు వచ్చిన విధం చెప్పవలసి ఉన్నది.

నెమలిమెరకలో కుళాయి బాగుచేయించుకోవడానికి ఒక పద్ధతి ఉన్నది. పౌరుడు పురపాలక సంఘ వెబ్‌సైటు తెరచి ఫిర్యాదు రాయాలి. దానికి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు లేనిదే ఫిట్టరు ఏ వాల్వు మీదా చెయ్యి వేయరాదు. వీధిలో గొట్టం పగిలి నీరు మనిషి ఎత్తున చిమ్ముతున్నా, ఫిట్టరు గొడుగు వేసుకొని నంబరు కోసం వేచి ఉండవలసిందే.

వెబ్‌సైటుకు ఒక పేరు ఉంటుంది. దానిని డొమైన్ పేరు అంటారు. ఆ పేరు ఎవరికీ శాశ్వతం కాదు. ఏటా గడువు ముగిసేలోగా ‘మాకు ఇంకా కావాలి’ అని నమోదు సంస్థకు తెలియజేసుకోవాలి. తెలియజేయకపోతే వారు కొన్నాళ్లు ఓపికపట్టి, తరువాత అడిగిన మొదటి మనిషికి ఇచ్చివేస్తారు.

ఓపికపట్టిన రోజుల్లో నమోదు సంస్థ పదకొండు ఈమెయిళ్లు పంపింది. మేనేజరు గారు బాధ్యత ఎరిగినవారు కనుక పదకొండింటినీ అచ్చు తీయించి, ఆమూలాగ్రం చదివి, ఒక్కదాని కిందనూ సంతకం లేదని గమనించారు. సంతకం లేని ఉత్తరాన్ని ఆకాశరామన్న ఉత్తరంగా భావించి, ఎట్టి చర్యా తీసుకోకుండా దాఖలు చేయాలన్నది ఆ కార్యాలయపు చిరకాల నియమం. పదకొండూ దాఖలయ్యాయి. చివరి ఉత్తరంలో ‘ఇదే ఆఖరి హెచ్చరిక’ అని ఉండగా, దాని అంచున వారు ఎర్రసిరాతో ‘బెదిరింపు ధోరణి గమనించబడినది’ అని రాశారు. ఆ అక్షరాలు నేను స్వయంగా చూశాను. చాలా అందమైన దస్తూరి.

మార్చి నెలాఖరుకు పేరు పోయింది. పేరుతోపాటు ఫిర్యాదులూ పోయాయి. ఏప్రిల్ నెలలో నెమలిమెరక పురపాలక సంఘానికి వచ్చిన ఫిర్యాదులు సున్నా. మే నెలలోనూ సున్నా. కమిషనర్ గారు సభలలో ఈ సున్నాను వినయంతో ప్రస్తావించడం ప్రారంభించారు. ‘ఫిర్యాదు రహిత పట్టణం’ షీల్డుకు దరఖాస్తు కూడా పంపారు.

జూన్ చివరి వారంలో షీల్డు కమిటీ నుండి జవాబు వచ్చింది. దానికి సంతకం ఉన్నది కనుక చదవక తప్పలేదు. పురపాలక సంఘ దరఖాస్తులో ఫిర్యాదులు సున్నా అని ఉన్నదనీ, సంఘ వెబ్‌సైటులో మాత్రం మూడు వందల పన్నెండు ఫిర్యాదులు, అందులో మూడు వందల తొమ్మిది పరిష్కరించబడినట్లు కనబడుతున్నదనీ, రెండింటిలో ఏది నిజమో పదిహేను రోజులలో తెలుపవలసినదనీ అందులో ఉన్నది.

కమిషనర్ గారు మేనేజరు గారిని పిలిపించారు. ఆ సమయంలో నేను ఆస్తిపన్ను విషయమై అక్కడే ఉన్నాను.

“పురుషోత్తం గారూ, మనకి వెబ్‌సైటు ఉందా?”

“గతంలో ఉండినది సార్. ప్రస్తుతం ఉన్నట్లు దాఖలాలు లేవు.”

“మరి మూడొందల తొమ్మిది ఫిర్యాదులు ఎవరు పరిష్కరించారండీ?”

“ఆ విషయమూ దాఖలాలలో లేదు సార్. మన సిబ్బంది మీద అటువంటి అనుమానం పెట్టుకోవలసిన పని లేదు.”

అప్పుడు ధర్మరాజును పిలిచారు. అతడు చేతులు కట్టుకొని, నంబరు వస్తున్నదనీ, తాను వెళుతున్నాననీ చెప్పాడు. నంబరు ఎవరు ఇస్తున్నారని అడిగారు. అతడు కిటికీలోంచి వేలు చూపించాడు. కార్యాలయానికి ఎదురుగా, రోడ్డుకు ఆవల, ‘కనకరత్నం జిరాక్స్ అండ్ ఇంటర్నెట్’ అన్న బోర్డు ఉన్నది.

ఊరు వదిలేసిన పేరును ఆమె తన పేర నమోదు చేయించుకొని, దాని మీద మళ్లీ ఫిర్యాదుల పేజీ పెట్టి, మూడు నెలలుగా అక్కడ నుండి ఫిర్యాదులు తీసుకొని, నంబర్లు ఇస్తున్నది. ధర్మరాజు ఆ నంబర్లు పట్టుకొని వాల్వులు తిప్పుతున్నాడు. పట్టణానికి నీళ్లు వస్తున్నాయి. కార్యాలయానికి మాత్రం సున్నా వస్తున్నది.

“దీన్ని ఏ చట్టం కింద స్వాధీనం చేసుకుంటాం?” అని కమిషనర్ గారు అడిగారు. “ఇది చాలా సున్నితమైన, బహుముఖమైన అంశమండీ. తొందరపాటు కూడదు, ఆలస్యమూ కూడదు.”

మేనేజరు గారు రెండు రోజులు రికార్డు గదిలో గడిపారు. మూడవ రోజు జుట్టు మీద బూజుతో, చేతిలో 1926వ సంవత్సరపు పుస్తకంతో బయటికి వచ్చారు. దాని పేరు ‘నెమలిమెరక పురపాలక సంఘ దారితప్పిన పశువుల నిబంధనలు’. ఎన్నడూ రద్దు కాలేదు. ఆంగ్లంలో ఉన్నందువల్ల ఎన్నడూ ఎవరూ చదవనూ లేదు. అనువాదం కోసం నన్ను పిలిచారు. మూలానికి వెంట్రుకవాసి దూరం పోకుండా అనువదించాను.

రెండవ నిబంధన ఇది: ‘యజమాని పోషణ మానివేసిన కారణమున దారి తప్పి, పరుల ఆవరణ చేరి, అచ్చట మేత మేయుచు, వారికి ఉపయోగపడుచున్నది ఏదైనను ఈ నిబంధనల కింద పశువే అగును.’

“ఏదైనను అన్నారు కదండీ?” అని మేనేజరు గారు ముందుకు వంగారు.

“అన్నాను. మూలంలో ఉన్నది.”

“పోషణ మానివేసిన మాట నిజమేనా సార్?” అని వారు కమిషనర్ గారిని అడిగారు.

“పదకొండు ఉత్తరాలు దాఖలు చేశాం కదండీ. మానినట్లే.”

“పరుల ఆవరణ చేరింది. ఉపయోగపడుతున్నది. ఇక సందేహం ఏమిటి సార్? అది పశువే. బందెలదొడ్డికి తోలించాలి.”

బందెలదొడ్డి మార్కెట్టు వెనుక ఉన్నది. పంటలో పడిన పశువులను పూర్వం అందులో కట్టేవారు. పద్నాలుగేళ్లుగా అందులో ఒక్క పశువూ పడలేదు. అధికారి సత్తియ్య గారు మాత్రం రోజూ ఉదయం గేటు తీసి, సాయంత్రం గేటు వేసి, రిజిస్టరులో ‘లేవు’ అని రాస్తూ వచ్చారు. స్వాధీనపు ఉత్తర్వు అందిన నాడు వారు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారని విన్నాను. పలుపుతాడు భుజాన వేసుకొని కనకరత్నం దుకాణానికి వెళ్లారు. సాక్షిగా నేనూ వెళ్లాను.

“ఏంటి బాబాయ్, పలుపట్టుకొచ్చేరు?” అని ఆమె జిరాక్స్ యంత్రం మూత వేస్తూ అడిగింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతుంటుంది.

“నువ్వు కట్టేసుకున్న పేరమ్మా. దొడ్డికి తోలుకెళ్లమని ఆర్డరు.”

“తోలుకెళ్లండి మరి. ఎక్కడుందో సూడండి.”

సత్తియ్య గారు బల్ల కింద చూశారు. కంప్యూటరు వెనక చూశారు. “ఇందులో ఉంటాదా?” అని తెర మీద వేలితో తట్టారు.

“అందులో కనపడతాది గానీ ఉండదు బాబాయ్.”

“మరెక్కడుంటాది?”

“నాకూ తెల్దు. అడిగితే వత్తాది, అంతే.”

“ఒట్టి సేతుల్తో ఎల్లలేనమ్మా. పద్నాలుగేళ్లకి ఒక్కటి తగిలింది” అన్నారు సత్తియ్య గారు. ఆ కంఠంలో ఏమున్నదో గాని, కనకరత్నం పేరును పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు తీసి, వానకు తడవకుండా ప్లాస్టిక్ పొర అంటించి, పైన చిల్లు చేసి ఇచ్చింది. సత్తియ్య గారు దానికి పలుపు కట్టారు. వీధిలో నడిపించుకొని వెళ్లారు. నిజం చెప్పాలంటే చేత్తో పట్టుకొని వెళ్లారు. కాని ఇద్దరు ముగ్గురు పక్కకు తప్పుకున్నారు.

దొడ్డిలో గుంజకు కట్టిన తరువాత అప్పగింత పత్రం నింపవలసి వచ్చింది. అందులో తొమ్మిది గళ్లు ఉన్నాయి. వాటిని పశువైద్యుని సమక్షంలోనే నింపాలని నిబంధన. డాక్టర్ నసీమా గారు ఒక గేదె ఈత మధ్యలోనుంచి వచ్చినట్లు చెప్పి, చేతులు తుడుచుకుంటూ కాగితం ముందు నిలబడ్డారు.

“రంగు?” అని మేనేజరు గారు చదివారు.

“నలుపు తెలుపు” అన్నారు డాక్టరు గారు.

“కొమ్ములు?”

“లేవు.”

“తోక?”

“చివర చుక్కా, మూడక్షరాలూ ఉన్నాయి కదండీ. అదే తోక అని రాసుకోండి.”

“వయస్సు?”

“నమోదై తొమ్మిదేళ్లట. పళ్లు చూడక్కరలేదు.”

“ఈతలు?”

డాక్టరు గారు మేనేజరు గారిని కళ్లజోడు పైనుంచి చూశారు. “సార్, అక్కడ నిజంగా ఈనే గేదె ఒకటి నా కోసం ఎదురుచూస్తోంది. ఆరోగ్యంగా ఉంది, అంటువ్యాధి లేదు, అని రాస్తాను. చాలా?”

చాలునన్నారు. రోజుకు రెండుపూటలా మేత పెట్టాలన్న నిబంధన ఒకటి మిగిలింది. అది ఏమి తింటుందని సత్తియ్య గారు కనకరత్నాన్ని ఫోనులో అడిగారు. కరెంటు తింటుందని ఆమె చెప్పింది. వారు గుంజ పైన ఒక బల్బు వేలాడదీసి, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వెలిగించారు. పక్కన కుడితి తొట్టి నింపి ఉంచారు. తాగినా తాగకపోయినా ఉంచాలని నిబంధన.

దండోరా కూడా వేయించారు. ‘ఈ గుర్తులు గల పేరు మాదేనని చెప్పుకునేవారు వారం రోజులలో దొడ్డి దగ్గర హాజరు కావలెను’ అని. మొదటి రోజున పురపాలక సంఘమే హాజరై పేరు తనదని చెప్పుకున్నది. స్వీకరించినదీ పురపాలక సంఘమే కనుక రసీదు వెంటనే ముట్టింది.

ఇంతవరకు అందరూ నవ్వుకున్నారు. నేనూ లోలోపల నవ్వుకున్నాను. ఆరవ నిబంధన అమలులోకి వచ్చిన తరువాత నవ్వు ఆగిపోయింది. ‘బందెలో ఉన్న పశువుచేత ఎవరును ఎట్టి పనియు చేయించరాదు.’ ఇది నా అనువాదమే. దాని ప్రకారం మేనేజరు గారు ధర్మరాజుకు తాఖీదు ఇచ్చారు: సదరు పేరు దొడ్డిలో ఉన్నంతకాలం దాని నుండి వచ్చే నంబరు మీద ఏ వాల్వూ తిప్పరాదు.

జూలై అయిదున రేవుపేట పెద్ద వాల్వు బిగుసుకుపోయింది. రేవుపేటలో ఎనిమిది వందల గడపలున్నాయి. ఆరు రోజులు చుక్క నీరు లేదు. పక్క పేటల నుండి బిందెలతో మోసుకున్నారు. ఉన్న ఒక్క బోరు దగ్గర జుట్లు పట్టుకున్నారు. ధర్మరాజు రోజూ ఆ వాల్వు దగ్గరకు వెళ్లి, దాని పక్కన కూర్చొని, సాయంత్రం ఇంటికి వచ్చేవాడట.

పదకొండవ తేదీన విచారణ మొదలయ్యేసరికి కార్యాలయం మెట్ల మీద రేవుపేట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వరుసగా కూర్చున్నారు. వారి ముందు నాగూరమ్మ అనే వృద్ధురాలు. మేము లోనికి వెళుతుంటే ఆమె అన్నది: “ఏవయ్యా, ఆవుని మీరే కట్టేసి, పాలు రాటంలేదని మీటింగేంటయ్యా?”

ఆ ప్రశ్న విచారణాంశాలలో లేనందున ఎవరూ సమాధానం చెప్పలేదు.

మేనేజరు గారు అభియోగం చదివారు. “ప్రతివాది పరుల పశువును దాచిపెట్టి, తన ఆవరణలో కట్టి, మూడు మాసముల పర్యంతము దాని పాడిని అనుభవించినది. పన్నెండవ నిబంధన ప్రకారం ఇది పశుచౌర్యం. ఆవరణకు సీలు వేయవలెను.”

“దాచలేదండి” అన్నది కనకరత్నం స్టూలు మీదనుంచి. “మీ కిటికీ ఎదురుగానే కట్టేను. మూడు నెల్లు మీరే సూడలేదు.”

“పాడి అనుభవించిన మాట?”

“పాలు రేవుపేట తాగిందండి. నాకు గిన్నె కూడా తడవలేదు.”

కమిషనర్ గారు దగ్గారు. “అమ్మా, పేరు పోయిన సంగతి తెలిసినప్పుడు కార్యాలయానికి తెలియపరచడం పౌరధర్మం కదా?”

“ఆ కిటికీ కాడికి మూడుసార్లొచ్చి చెప్పేనండి. కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చేను. వెబ్‌సైటు చెడిపోయిందన్న ఫిర్యాదు వెబ్‌సైటులోనే పెట్టాలి, కాగితం తీసుకోం అన్నారు.” ఆమె కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నది. “రోజుకి పాతికమంది నా కొట్టుకాడ నిలబడేవోరండి. పేజీ తెరుచుకోదు. నంబరు రాదు. నంబరు లేందే ధర్మరాజు రాడు. ఆఖరికి ఆ పేరు ఎవరిదీ కాదని నా తెరమీదే కనపడింది. ఇంకోడెవడన్నా తీసుకుంటే దాంట్లో పేకాట పెడతాడు. మన ఊరి పేరండి. అందుకని నేనే తీసుకున్నాను. తప్పయితే తప్పే. కొట్టు మూసేత్తే మూసెయ్యండి. నీళ్లొదిలి మూసెయ్యండి.”

మేనేజరు గారు కొవ్వొత్తి వెలిగించారు. వారు దుర్మార్గులు కారు. పద్ధతి ప్రకారం లక్క వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది.

“ధర్మరాజూ, నంబరు పరాయివాళ్లదని తెలిసీ ఎందుకు వెళ్లావు?” అని కమిషనర్ గారు అడిగారు.

“నంబరొత్తే ఎల్లాలని ఆర్డరండి. పేరు అదేనండి. ఎవరిదని అడగమని ఆర్డరు లేదండి.”

ఈ జవాబులో లోపం పట్టడానికి మేనేజరు గారు చాలాసేపు ప్రయత్నించారు.

అప్పుడు నేను లేచి, నిబంధనల పుస్తకంలో తొమ్మిదవది ఇంకా అమలు కాలేదని మనవి చేశాను. సానుభూతితో కాదు. ఒక నియమావళిని అమలు చేస్తే అంతా అమలు చేయాలి. నచ్చిన పేరాలు మాత్రమే చదవడం పరీక్షలో కాపీ కొట్టేవారి అలవాటు. నేను చదివాను: ‘ఒకే పశువును ఇరువురు తమదని చెప్పుకొన్నచో, దాని కట్టు విప్పి, ఇరువురిచేతను పిలిపించవలెను. అది ఎవరి చెంతకు పోవునో వారిదే.’

“పిలవడమా? దీన్ని ఎలా పిలుస్తారండీ?” అన్నారు కమిషనర్ గారు.

“ఆరోజు ఆవిడే చెప్పిందండి” అన్నారు సత్తియ్య గారు. “అడిగితే వత్తాదంట. ఫిర్యాదు పెట్టండి సార్. అదే పిలుపు.”

“మన పట్టణం ఫిర్యాదు రహిత పట్టణమండీ. నాకు ఫిర్యాదు ఎక్కడినుంచి వస్తుంది?”

డాక్టర్ నసీమా గారు తమ ముందున్న ఖాళీ గ్లాసును బోర్లించారు. “పొద్దున్నుంచి టీ రాలేదు సార్. ఈ ఆఫీసు కుళాయిలో నీళ్లు లేవట.”

కమిషనర్ గారు సహాయం కోసం చుట్టూ చూశారు. ఎవరూ సహాయం చేయలేదు. సత్తియ్య గారు లేచి, కాగితానికి కట్టిన పలుపును శ్రద్ధగా విప్పి, ‘హుష్’ అని మెల్లగా అన్నారు. అది అలవాటు. కమిషనర్ గారు తమ ఫోనులో పేజీ తెరచి, ఒక్క వేలితో ‘కార్యాలయ కుళాయిలో నీరు లేకపోవుట గురించి విన్నపం’ అని రాశారు. విన్నపాన్ని పేజీ అంగీకరించలేదు. ‘ఫిర్యాదు’ అన్న గడి నొక్కితేనే ముందుకు పోయింది. వారు కళ్లు మూసుకొని నొక్కారు.

పురపాలక సంఘం వైపు ఏమీ కదలలేదు. గుమ్మం దగ్గర కనకరత్నం చేతిలో ఫోను ‘టింగ్’ మన్నది.

ఆమె చూసింది. తాను ప్రతివాదినన్న సంగతి ఆ క్షణంలో మరచిందనుకుంటాను. మూడు నెలల అలవాటు ఆమె చేత మాట్లాడించింది. “ధర్మరాజూ, మూడొందల నలభయ్యొకటి. మున్సిపల్ ఆఫీసు. రేవుపేట లైనే. పెద్ద వాల్వు తిప్పితే గాని రాదు.”

ధర్మరాజు కదలలేదు. మేనేజరు గారి వైపు చూశాడు.

“తాఖీదు అమలులో ఉన్నది” అన్నారు మేనేజరు గారు.

“బందెలో ఉన్న పశువు విషయంలో మాత్రమే” అన్నాను నేను. “ఇది కట్టు విప్పి ఉన్నది. నా అనువాదంలో సందేహం ఉంటే మూలం తెప్పించండి.”

మూలం ఎవరూ అడగలేదు. ధర్మరాజు అప్పటికే అక్కడ లేడు. మెట్ల మీద అతడి సైకిలు గంట వినిపించింది.

ఇరవై రెండు నిమిషాలు కుళాయి వైపు చూస్తూ కూర్చున్నాము. ఇరవై మూడవ నిమిషంలో మందిరం మూలనున్న కుళాయి దగ్గింది. ఒకసారి గాలి వదిలింది. ఎర్రటి నీరు, తరువాత తెల్లటి నీరు. అదే సమయంలో బయట బిందెలన్నీ ఒక్కసారి మోగాయి. మెట్లు ఖాళీ అయ్యాయి. నాగూరమ్మ పరుగెత్తుతూ ఎవరినో తిడుతున్నది. తిట్లలో ఇంత సంతోషం ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

“పశువు ప్రతివాది చెంతకు పోయినది” అని నేను నమోదు చేయించాను.

మేనేజరు గారు లక్క కడ్డీని మంటకు దూరంగా జరిపారు గాని కొవ్వొత్తి ఆర్పలేదు. “సార్, ఇది ఆమెదే అయితే సీలు లేదు. కాని ఒక చిక్కు. షీల్డు కమిటీకి ఏమని జవాబు? మూడు వందల నలభై ఒక్క ఫిర్యాదులు మన ఊరి పేరుతో ఉన్నాయి. మనది అంటే సున్నా పోతుంది. ఆమెదంటే, ఊరి పేరు పరాయి మనిషి దగ్గర ఎందుకున్నదని అడుగుతారు. సీలు వేసి పేరు మూసేస్తే ఏ ప్రశ్నా ఉండదు.”

కమిషనర్ గారి చెయ్యి కలం వైపు కదిలింది. ఉత్తర్వు మీద తేదీ కూడా వేశారు. కనకరత్నం కొంగు ముడి విప్పి, దుకాణం తాళంచెవి గుమ్మం మీద పెట్టింది.

“సిక్కు ఇంతేనాండి?” అన్నారు సత్తియ్య గారు. అంతవరకు వారు బల్ల చివర కాగితాన్ని నిమురుతూ కూర్చున్నారు. “ఒక మాట సెప్పనా సార్? పద్నాలుగేళ్లు పని లేదు గానీ, అంతకుముందు ఇరవయ్యేళ్లు పనుంది నాకు. దొడ్డిలోకి రాకూడని పశువు ఒకటుందండి. అచ్చోసిన ఆంబోతు. ఊరికి ఇడిసిపెట్టింది. దాన్ని ఎవురూ కట్టకూడదు, ఎవురూ నాదనకూడదు. ఎవరి గడప కాడ నిలబడితే ఆళ్లు మేపుతారు. మేపినోళ్లని తప్పట్టకూడదు. ఊళ్లో ఆవులన్నిటికీ అదే ఆధారం. దీన్నీ అలా ఒదిలెయ్యండి.”

నేను పుస్తకం తిప్పాను. పద్నాలుగవ నిబంధన. ‘ఊరికి విడిచి, అచ్చు వేయబడిన వృషభము ఎవరి ఆస్తియు కాదు. దానిని బందె వేయరాదు. దాని పోషకులను శిక్షింపరాదు.’

కమిషనర్ గారు కలం బల్ల మీద పెట్టారు. వారి ముఖంలో క్రమంగా వెలుగు వచ్చింది.

“పురుషోత్తం గారూ, అది ఎవరి ఆస్తీ కాకపోతే, దానికి వచ్చిన ఫిర్యాదులు ఎవరివండీ?”

“ఎవరివీ కావు సార్.”

“అంటే మనవి?”

“సున్నా సార్!” మేనేజరు గారు ఎర్రసిరా కలం మూత తీశారు. “శాస్త్రోక్తంగా సున్నా!”

అచ్చు వేడిగా ఉండాలని నిబంధన. లక్క అప్పటికే కరిగి ఉన్నది. దుకాణం తలుపుకు వేయడానికి తెచ్చిన ఇత్తడి ముద్రను మేనేజరు గారు కాగితం కుడి మూలన ఒత్తారు. ప్లాస్టిక్ కొద్దిగా కాలి వాసన వచ్చింది. అది అచ్చు పడిన గుర్తేనని సత్తియ్య గారు ధ్రువపరిచారు. డాక్టరు గారు గాయం ప్రమాదకరం కాదని రాసి, గేదె దగ్గరకు వెళ్లారు. సీలు ఉత్తర్వును మేనేజరు గారు రెండు ముక్కలు చేసి, రెండు ముక్కలనూ దాఖలు చేశారు.

ఇకపై గడువు గుర్తుచేస్తూ వచ్చే ఈమెయిళ్లు ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చింది. తానే చూసుకుంటాననీ, కార్యాలయానికి ఒక ప్రతి కావాలంటే అచ్చు తీసి కింద తానే సంతకం పెట్టి ఇస్తాననీ కనకరత్నం చెప్పింది. సంతకం అన్న మాట వినగానే మేనేజరు గారు ఆమెకు మొదటిసారి నమస్కరించారు.

సంతకాల వేళ ఆసీనులైన వరుసలో ఒక మార్పు జరిగింది. ఆమె స్టూలు బాగానే ఉన్నది, విరగలేదు. అయినను ఆమె కమిషనర్ గారి కుడిపక్కన కూర్చున్నది. నేను గోడకు ఆని, ధర్మరాజు ఖాళీ చేసిన చోట నిలుచున్నాను. దీనిని కూడా నమోదు చేయవలసినదిగా నేనే కోరాను.

చివరగా సభ ఏకగ్రీవంగా ఈ దిగువ తీర్మానాన్ని ఆమోదించినది:

‘ఊరు పోషణ మానివేసిన పేరును, అది పరాయి చేతులలో పడి పాడుకాకముందే చేరదీసి, తన గడప ముందు కట్టి, ఎవరి ఉత్తర్వూ లేకయే మేపి, మూడు వందల నలభై ఒక్క మందికి నంబరు ఇచ్చి, రేవుపేట ఎనిమిది వందల గడపలకు నీరు చేర్చిన శ్రీమతి బొండాడ కనకరత్నం గారి కార్యమును ఈ సభ లేచి నిలబడి గుర్తించుచున్నది. లేచి నిలబడవలెనని ఏ నిబంధనయు లేదు. దీని కింద అందరమూ సిరాతో సంతకములు చేసితిమి గనుక, మున్ముందు ఏ అధికారియు దీనిని ఆకాశరామన్న ఉత్తరముగా దాఖలు చేయరాదు.’